కసూర్ పిల్లది కాదు, గాలిది

జూలైలో ఒక సాయంత్రం మా అమ్మాయి స్కూలు నుంచి సైకిల్ ఎక్కి రాలేదు, తోసుకుంటూ వచ్చింది. కుడి మోకాలు చెక్కుకుపోయింది. కమీజ్ చెయ్యి మోచేతి దగ్గర చిరిగింది. ఏడవడం లేదు గానీ, ఏడవకుండా ఉండడానికి చాలా మేహనత్ చేస్తున్నట్టు ఉంది మొహం. "మలుపులో సైకిల్ దానంతట అదే జారిపోయింది అబ్బూ. నేను స్పీడుగా కూడా లేను" అంది.

ఆ రాత్రి ఇంట్లో పంచాయతీ కూచుంది. మా అమ్మీ ఎవరి మాటా వినకుండానే ఫైసలా చెప్పేసింది. "బస్, ఇంక సైకిల్ నక్కో. తొమ్మిదో క్లాసు పిల్ల. ఆటో పెట్టెయ్ బేటా." మా ఆపా ఫోన్లోనే అందుకుంది. "ఆడపిల్లకు సైకిల్ కైకు అని నేను అప్పుడే అన్నాను కదా. కాలో చెయ్యో విరిగుంటే రేపు ఎవరు జవాబు చెప్తారు?" మా బేగం మాత్రం నోరు విప్పలేదు. చిన్నప్పుడు సైకిల్ కావాలని జిద్ చేసి, దెబ్బలు తిని, చివరికి సైకిల్ నేర్చుకోకుండానే పెళ్ళయిపోయిన మనిషి ఆమె. కూతురి మోకాలికి పసుపు రాస్తూ నా వైపు ఒక నజర్ వేసింది. ఆ నజర్‌కు అర్థం నాకు తెలుసు.

ఆటో అంటే నెలకు 1,200 రూపాయలు. ఆ డబ్బు కష్టమే గానీ, అసలు తక్లీఫ్ అది కాదు. మా కర్నూలు వన్ టౌన్ గల్లీల నుంచి స్కూలుకి మూడు కిలోమీటర్లు. ఆ మూడు కిలోమీటర్లూ ఆ పిల్ల సొంత జిందగీ. ఎవరి కోసం ఎదురుచూడక్కర లేదు, ఎవరూ దించి పోనక్కర లేదు. ఒక్క దెబ్బతో అది పోయేలా ఉంది.

ఈ కేసులో అసలు ముజ్రిమ్ ఎవరో మీకు ముందే చెప్పేస్తాను. నేనే.

అంతకు ముందు ఆదివారం పిల్ల సైకిల్‌ను పెట్రోలు బంకుకి తీసుకుపోయింది నేను. గాలి కొట్టే కుర్రాడితో "ఫుల్ టైట్ కొట్టు, వారం దాకా చూడక్కర లేకుండా" అన్నదీ నేనే. బొటనవేలితో నొక్కితే టైరు కదల్లేదు. శభాష్ అనుకున్నాను. గాలి ఎంత ఎక్కువుంటే సైకిల్ అంత బాగుంటుందని నేను నలభై ఏళ్ళుగా నమ్ముతూ వచ్చాను. మీలో చాలామంది ఇప్పటికీ నమ్ముతుంటారు.

మర్నాడు సైకిల్‌ను మా మామూ దుకాణానికి తీసుకుపోయాను. మామూది పంచర్ షాపు. ఒక రేకుల కప్పు, ఒక నీళ్ళ తొట్టి, గోడకు వేలాడే పాత టైర్లు, నాలుగు పానాలు. జరిగింది చెప్పాను. పిల్ల ఎట్లా తొక్కుతుంది, ఎంత స్పీడులో ఉంది అని ఆయన ఒక్క ముక్క అడగలేదు. ముందు చక్రాన్ని బొటనవేలితో నొక్కాడు.

"ఇది టైరా, రాయా? ఎవరు కొట్టినారు గాలి?"

"నేనే కొట్టించాను మామూ."

"మరి దెబ్బ నీకు కదరా తగలాల్సింది!"

మీటరు పెట్టి చూపించాడు. 62 పీఎస్‌ఐ ఉంది. టైరు పక్కన అచ్చు వేసిన గరిష్ఠం 65. "దాటలేదు కదా మామూ" అన్నాను. ఆయన నవ్వాడు. "గ్లాసు అంచు దాకా పడతాయని నీళ్ళు అంచు దాకా పోస్తావా? అది ఇంతకు మించి వద్దని చెప్పే నంబరు. ఇంత ఉండాలని చెప్పే నంబరు కాదు."

ఈ ఒక్క మాట అర్థం చేసుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది. అర్థమైంది మీకు చెప్దామనే ఇది రాస్తున్నాను.

ముందు ఒక చిన్న హిసాబ్. మా పిల్ల బరువు 42 కిలోలు, సైకిల్ 16, పుస్తకాల సంచి 7. మొత్తం 65. సైకిల్ మీద కూచున్నప్పుడు వెనక చక్రం మీద ఎక్కువ బరువు పడుతుంది, ముందు చక్రం మీద తక్కువ. ముందు చక్రానికి 40 శాతం అనుకుంటే 26 కిలోలు. టైరు లోపలి గాలి ఈ బరువును మోయాలంటే, నేలకు ఆనే భాగం ఎంత ఉండాలో గాలి ఒత్తిడిని బట్టి తేలుతుంది. 62 పీఎస్‌ఐ అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 4.4 కిలోలు. 26ను దాంతో భాగిస్తే 6 చదరపు సెంటీమీటర్లు. అదే గాలిని 28కి దించితే 13 చదరపు సెంటీమీటర్లు, రెట్టింపు కంటే ఎక్కువ. టైరు గోడ కూడా కొంత బరువు మోస్తుంది కాబట్టి ఇది కాగితం మీది లెక్కే. అయినా ఫరక్ ఏ దిక్కున ఉందో తెలుస్తుంది.

దాని మీద మా గల్లీ మలుపును ఊహించుకోండి. సిమెంటు రోడ్డు, దాని మీద ఇసుక, పైన చినుకులు. సఖ్త్ టైరు ప్రతి చిన్న రాయికీ ఎగురుతుంది. చక్రం గాలిలో ఉన్న ఆ ఒక్క క్షణం దానికి నేల మీద పట్టు ఉండదు. హ్యాండిల్ తిప్పినా, బ్రేకు నొక్కినా ఆ క్షణంలో ఎవరూ ఏమీ చెయ్యలేరు. నరమ్ టైరు రాయిని తనలోకి మింగి, నేలను పట్టుకునే ఉంటుంది. "దానంతట అదే జారిపోయింది" అని పిల్ల చెప్పింది అబద్ధం కాదు, బహానా కాదు.

మనం ఆరామ్‌ను ఒక షౌఖ్ అనుకుంటాం. డబ్బున్నవాళ్ళ నఖరా అనుకుంటాం. సైకిల్ విషయంలో ఆరామ్, కాబూ రెండూ ఒకే చోటు నుంచి వస్తాయి. చేతులకు దెబ్బ తగలని టైరే మలుపులో నేలను వదలదు.

అసలు గాలి టైరు పుట్టిందే ఒక పిల్లవాడి ఆరామ్ కోసం. 1887లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయ్డ్ డన్‌లప్ అనే పశువుల డాక్టర్, గట్టి చక్రాల మూడుచక్రాల బండి మీద తన కొడుకు ఎగిరెగిరి పడుతుంటే చూడలేక రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రానికి చుట్టాడు. అంతకు నలభై ఏళ్ళ ముందే, 1845లో, రాబర్ట్ విలియం థామ్సన్ గాలి టైరుకు పేటెంటు తీసుకున్నాడు. దాన్ని లోకం మరిచిపోయింది. ఆ పాత పేటెంటు బయటపడ్డాక డన్‌లప్ పేటెంటు నిలవలేదు. కానీ పేరు ఆయనకే మిగిలింది. ఒక తండ్రి పిల్లవాడి కోసం గాలిని మెత్తగా చేస్తే, నేను నా పిల్ల కోసం అదే గాలిని రాయి చేశాను.

మా ఇంట్లో, చుట్టుపక్కల మూడు రకాల సైకిళ్ళున్నాయి. మా అబ్బాజాన్‌ది పాత 28 ఇంచుల నల్ల సైకిల్. పిల్లది 26 ఇంచుల లావు టైర్ల గేరు సైకిల్. మా భాంజాది సన్నటి టైర్ల రేసు సైకిల్. ఒక ఆదివారం ఫజర్ తర్వాత, రోడ్ల మీద జనం లేనప్పుడు, మూడింటినీ ఒకే దారిలో తొక్కి చూశాను. గల్లీ సిమెంటు రోడ్డు, రెండు స్పీడు బ్రేకర్లు, తార్రోడ్డు, కొంత కంకర.

భాంజా సైకిల్‌కు 25 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు, 100 పీఎస్‌ఐ గాలి. తార్రోడ్డు మీద గాలిలో పోయినట్టే పోయింది. సిమెంటు రోడ్డు అతుకుల మీద మాత్రం అరచేతులు తిమ్మిరెక్కాయి. కంకర రాగానే ముందు చక్రం తన ఇష్టం వచ్చిన దిక్కుకు పోయింది. భాంజాను ఒప్పించి గాలి 80కి దించి మళ్ళీ తొక్కాను. తిమ్మిరి తగ్గింది. స్పీడు తగ్గినట్టు నాకైతే అనిపించలేదు. వాడు నమ్మలేదు. "మామూ, టైటుగా ఉంటేనే ఫాస్ట్" అంటాడు.

అది అద్దం లాంటి నేల మీద నిజం. గరుకు రోడ్డు మీద టైరు సఖ్త్‌గా ఉంటే ప్రతి గతుకూ సైకిల్‌నూ మనిషినీ కలిపి పైకి ఎత్తుతుంది. మన కాళ్ళ బలం ముందుకు పోవడానికి బదులు మనల్ని ఎగరెయ్యడానికి ఖర్చవుతుంది. ఫ్రాన్స్‌లో 1896 నుంచి పారిస్-రూబే అనే రేసు జరుగుతోంది. అందులో యాభై కిలోమీటర్లకు పైగా రాళ్ళు పరిచిన పాత దారులు. లోకంలో అందరికంటే వేగంగా తొక్కేవాళ్ళు అక్కడ ఎప్పుడూ మామూలు కంటే వెడల్పు టైర్లు వేసి, గాలి తక్కువ పెట్టి దిగుతారు. ఇప్పుడు మామూలు రేసుల్లో కూడా ఒకప్పటి 23 మిల్లీమీటర్ల టైర్లు పోయి 28, 30 వచ్చాయి. మా భాంజా ఇంకా పాత రోజుల్లోనే ఉన్నాడు.

అబ్బాజాన్ సైకిల్ టైరు 40 మిల్లీమీటర్లు. బరువు ఇరవై కిలోల పైమాటే. కానీ ఆ దారిలో అన్నిటికంటే ఆరామ్‌గా ఉన్నది అదే. ఇన్సాఫ్‌గా చెప్పాలంటే ఆ ఘనత అంతా టైరుది కాదు. పెద్ద చక్రం గుంతలో తక్కువ దిగుతుంది, సీటు కింద స్ప్రింగులున్నాయి, ముందు ఫోర్కు బాగా ముందుకు వంగి ఉంటుంది. అయినా టైరు వాటా తక్కువేమీ కాదు. నున్నటి గీతల టైరు, మధ్యరకం వెడల్పు, మితమైన గాలి. డెబ్బై దాటిన మనిషి రోజూ దాని మీద బజారుకి పోయి సౌదా తెస్తున్నాడంటే ఊరికే కాదు.

పిల్ల సైకిల్ చూడ్డానికి ట్రాక్టరులా ఉంటుంది. 54 మిల్లీమీటర్ల లావు, పెద్ద పెద్ద గుబ్బలు. కొనేటప్పుడు దుకాణం అతను "దీనికి గ్రిప్పు ఎక్కువ సార్" అన్నాడు. మట్టిలో, బురదలో ఆ మాట నిజం. గుబ్బలు మట్టిలోకి దిగుతాయి. సిమెంటు రోడ్డులోకి ఏం దిగుతాయి? గుబ్బల కొసలు మాత్రమే నేలకు ఆని, మలుపులో అవి పక్కకు వంగుతాయి. పైగా నేను గాలి బిగించేసరికి మధ్య వరస గుబ్బలు మాత్రమే నేల మీద నిలిచాయి. తడి రోడ్డు మీద నున్న టైరు జారుతుందన్న భయం కారుకు సరిపోతుంది. సన్నగా, గుండ్రంగా ఉండి, నెమ్మదిగా పోయే సైకిల్ టైరు నీళ్ళను తనే పక్కకు నెట్టుకుంటూ పోతుంది. ఇక ముందున్న షాక్ అబ్సార్బర్ సంగతి. 42 కిలోల పిల్లకు ఆ స్ప్రింగు కదలనే కదలదు. దాని వల్ల సైకిల్ బరువు పెరిగింది, అంతే. గాలి చెయ్యాల్సిన పని ఇనుముతో చేయించాలనుకున్నాం.

మామూ మష్వరాతో గుబ్బల టైర్లు తీయించి, నున్నటి గీతలున్న 26 ఇంటూ 1.75 టైర్లు వేయించాను. కొనేటప్పుడు ఒక విషయం ఎహతియాత్‌గా చూడండి. ఇంచుల మాటను నమ్మొద్దు. 26 ఇంటూ 1.75 అని రాసిన టైరు, 26 ఇంటూ 1⅜ అని రాసిన టైరు రెండూ 26 ఇంచులవే, కానీ ఒకదాని రిమ్ముకు ఇంకొకటి పట్టదు. టైరు పక్కన చిన్న అక్షరాలతో ఇంకో నంబరు ఉంటుంది. 47-559 అన్నట్టు. మొదటిది వెడల్పు, రెండోది రిమ్ము కూర్చునే కొలత, రెండూ మిల్లీమీటర్లలో. మొదటిది 559, రెండోది 590. రేసు సైకిల్‌ది 622, అబ్బాజాన్ సైకిల్‌ది 635. ఆ రెండో నంబరు తేడా లేకుండా కలవాలి. వెడల్పులో మాత్రం కొంచెం అటూ ఇటూ జరగొచ్చు.

ఇక ట్యూబు. మన దుకాణాల్లో ఎక్కువగా దొరికేది నల్లటి బ్యూటైల్ ట్యూబు. గాలిని వారాల తరబడి పట్టి ఉంచుతుంది. మామూలు రబ్బరు ట్యూబు బాగా సాగుతుంది, కానీ గాలి త్వరగా దిగుతుంది. రేసుల్లో వాడే లేటెక్స్ ట్యూబు అన్నిటికంటే నరమ్, టైరుతో పాటు వంగుతుంది, తొక్కుతుంటే ఫరక్ తెలుస్తుంది. కాకపోతే పొద్దున కొట్టిన గాలి మర్నాటికి తగ్గిపోతుంది, రోజూ పంపు పట్టుకోవాలి. స్కూలు పిల్లకు అది కుదరదు. ముళ్ళు దిగవని చెప్పే మందపాటి ట్యూబులూ ఉన్నాయి. ముల్లు దిగడం తగ్గుతుంది, చక్రం బరువెక్కుతుంది, ఆరామ్ తగ్గుతుంది. నా మట్టుకు ఇంట్లో వాడే సైకిల్‌కు మామూలు మందం బ్యూటైల్ ట్యూబే ఖరా.

సర్కారు తుమ్మ ముళ్ళ బాధ పడలేక మా బహ్నోయీ ఒకసారి గాలే లేని గట్టి రబ్బరు టైర్లు వేయించాడు. పంచర్ బాధ పోయింది నిజమే. కానీ నెల తిరగకుండా నడుము నొప్పి అన్నాడు, ఆ తర్వాత చక్రంలో చువ్వలు తెగడం మొదలైంది. గతుకు దెబ్బ ఎక్కడో ఒకచోట దిగాలి కదా. గాలి తీసుకోకపోతే చువ్వ తీసుకుంటుంది, నడుము తీసుకుంటుంది.

అట్లాగని గాలి ఎంత తగ్గిస్తే అంత మంచిదని అనుకోవద్దు. నరమ్ వేరు, ఢీలా వేరు. గాలి మరీ తక్కువైతే మలుపులో టైరు పక్కకు మడతపడి హ్యాండిల్ బరువెక్కుతుంది. గుంతలో రిమ్ము నేలను తాకి, మధ్యలో ట్యూబు నలిగి, పాము కాటేసినట్టు పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. ట్యూబులో అట్లాంటి జంట చిల్లులు కనిపిస్తే ముల్లును తిట్టకండి, పంపు తీయండి. క్యారియర్ మీద గ్యాస్ సిలిండరో బియ్యం బస్తానో వేసేవాళ్ళు వెనక చక్రంలో గాలి పెంచుకోవాల్సిందే.

మా పిల్ల బరువుకు ఇప్పుడు కొత్త టైర్లలో ముందు 32, వెనక 38 నిలబెట్టాం. ఈ నంబర్లు మీ ఇంట్లో పనికిరావు. మీ బరువు, మీ టైరు వెడల్పు వేరు. తరీఖా మాత్రం ఒకటే. టైరు పక్కన రాసిన గరిష్ఠానికి బాగా కింద మొదలుపెట్టండి. ముందు చక్రంలో వెనకదాని కంటే కొంచెం తక్కువ. రోజూ పోయే దారిలోనే తొక్కండి. గుంతలో రిమ్ము తగిలితే రెండు మూడు పాయింట్లు పెంచండి, చేతులు అదిరితే రెండు మూడు తగ్గించండి. వారంలో కుదురుతుంది. పాత నల్ల సైకిళ్ళకు సన్నటి రబ్బరు తొడిగిన వాల్వు ఉంటుంది, దానికి మీటరు సరిగ్గా చెప్పదు. అక్కడ బొటనవేలే ఉస్తాద్.

బొటనవేలు అన్నాను కాబట్టి దిల్‌లో ఉన్న ఒక మాట కూడా చెప్పనివ్వండి. "పంచర్‌వాలా" అనే మాటను మన మీద ఒక గాలీలా వాడడం మనందరం విన్నాం. ఫోన్లలో చూశాం. చదువుకున్న మన పిల్లలు ఆ మాట వింటే తల దించుకుంటారు. నేనూ ఒకప్పుడు మామూ దుకాణం సంగతి స్నేహితుల దగ్గర చెప్పేవాణ్ణి కాదు. ఇప్పుడు సిగ్గేస్తోంది, ఆ దుకాణాన్ని చూసి కాదు, నన్ను చూసి. ఆ మనిషి ట్యూబును నీళ్ళలో ముంచి ఒక్క బుడగతో చిల్లు పట్టేస్తాడు. గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, అది ఆరేదాకా సబర్‌తో ఆగి, అప్పుడు ప్యాచ్ అతికిస్తాడు. తొందరపడి తడి మీద అతికిస్తే నిలవదని ఆయనకు తెలుసు. అతికించాక ప్యాచ్‌ను ఊరికే వదలడు, టైరు లోపల చెయ్యి పెట్టి ముల్లు ఇంకా ఉందేమో వెతుకుతాడు. పిల్ల పడిందంటే ఇంట్లో అందరం పిల్లను చూశాం. టైరును చూసింది ఆయన ఒక్కడే. హునర్ అంటే అదే. మన పిల్లలు చదువుకోవాలి, పెద్ద పనులు చెయ్యాలి, అది వేరే సంగతి. ఈ హునర్‌ను తిట్టుగా తీసుకోవడానికి మాత్రం నేను తయారుగా లేను.

హిసాబ్ చివరికి ఇట్లా తేలింది. రెండు టైర్లు, రెండు ట్యూబులు, మీటరున్న ఒక పంపు, అన్నీ కలిపి 2,300 రూపాయలు. ఆటోకు రెండు నెలల ఖర్చు కూడా కాదు. మామూ బిగింపు కూలీ తీసుకోనన్నాడు, బలవంతంగా ఇచ్చాను.

అమ్మీని ఒప్పించడమే అన్నిటికంటే కష్టమైంది. పీఎస్‌ఐలూ చదరపు సెంటీమీటర్లూ ఆమె దగ్గర నడవవు. చివరికి పాత టైరులో మళ్ళీ 60 దాకా గాలి కొట్టి ఆమె చేతికిచ్చాను, కొత్త చక్రాన్ని పక్కన పెట్టాను. రెండింటినీ నొక్కి చూసింది. "పిల్లను దీని మీద పంపించావా?" అని పాతదాన్ని చూపించి నన్నే తిట్టింది. ఆ తిట్టు నాకు చల్లగా తగిలింది. ఫైసలా మారిపోయింది.

ఇప్పుడు ఆదివారం ఆదివారం పంపు పట్టుకునేది మా అమ్మాయే. తన చక్రాలకే కాదు, దాదా సైకిల్‌కు కూడా. బేగం పక్కన నిలబడి మీటరు చదువుతుంది. మొన్న సాయంత్రం మా వెనక సందులో సైకిల్ సీటు పట్టుకుని తను కూడా ఒక్కసారి ఎక్కి చూస్తానంది. నేను వెనక పట్టుకుని నడిచాను.

మీ ఇంట్లో ఏ పిల్లైనా, ఏ పెద్దాయనైనా సైకిల్ మీంచి పడితే, "ఇంక సైకిల్ వద్దు" అనే ముందు ఒక్క నిమిషం ఆగండి. వెళ్ళి ముందు చక్రాన్ని బొటనవేలితో నొక్కి చూడండి. రాయిలా ఉంటే, మందలించాల్సింది పిల్లను కాదు.

ఖుదా హాఫిజ్.